ఒక్క నిమిషం పిల్లలూ

"ఒక్క నిమిషం పిల్లలూ!" అంటూ లెక్కల టీచర్ మళ్ళీ తెర మీంచి మాయమైంది. ఖాళీ కుర్చీ మిగిలింది. దాని వెనక ఎక్కడో చంటిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.

బీమా ఏజెంటుకి ఒళ్ళు మండిపోయింది. కరోనా వచ్చి ఆఫీసు మూసేసిన నాటి నుంచి వంటింటి బల్లే అతని ఆఫీసు. అదే బల్లకి అటు చివర మూడో తరగతి చదివే కొడుకు బడి.

"ఇవాళ ఇది ఎన్నోసారిరా? భాగహారం చెబుతోందా, ఉయ్యాల ఊపుతోందా?"

"పాపకి పళ్ళొస్తున్నాయంట నాన్నా. టీచరే చెప్పింది," అని కొడుకు వెనకేసుకొచ్చాడు.

"పళ్ళొస్తే మనకేంటి? ఫీజు మాత్రం ముక్కుపిండి వసూలు చేశారు. చదువేమో చట్టుబండలు!"

అంతలో పడగ్గదిలోంచి సొంత కూతురు రాగం అందుకుంది. తలుపు వేసే ఉంది. అతను కూర్చున్న చోటి నుంచే కేకేశాడు.

"ఇదిగో! దాన్ని కాస్త ఊరుకోబెట్టు. ఇక్కడ వీడి క్లాసు నడుస్తోంది!"

లోపల భార్య గొంతు ఎవరికో ఏదో వివరిస్తూనే ఉంది. అతను ప్రిన్సిపాల్‌కి ఫోన్ కలిపాడు.

"మీ లెక్కల టీచరుకి పిల్లని సముదాయించుకోవడమే సరిపోతోంది సార్. మా వాడికి పాఠం ఎవరు చెబుతారు?"

"ఇంటి నుంచి చెప్పడం కదా సార్, కాస్త సర్దుకోవాలి. ఆవిడ మంచి టీచర్."

"సర్దుకోడానికి మేమేమైనా చుట్టాలమా? ఇల్లు చక్కబెట్టుకోలేని మనిషి పాఠాలేం చెబుతుంది? ఆవిణ్ణి మారుస్తారా, పేరెంట్స్ గ్రూపులో పెట్టమంటారా?"

గ్రూపు మాట వినగానే ప్రిన్సిపాల్ గొంతు మెత్తబడింది.

"అంత పని చెయ్యకండి సార్. రేపు వేరే టీచర్ వస్తారు."

"మరి ఈవిడ?"

"మానిపించేస్తాం."

"అదీ!" అంటూ ఫోన్ పెట్టేశాడు.

కొడుకు ముఖం కందగడ్డ చేసుకుని పెన్సిల్ విసిరికొట్టాడు. "నాకు ఈ టీచరే కావాలి."

"నోర్మూసుకుని లెక్కలు చెయ్యి. అడిగేవాడు లేకపోతే అందరూ ఇంతే!"

తెర మీదకి టీచర్ తిరిగొచ్చింది. చంకలో పిల్ల. చెంగుతో చెమట తుడుచుకుంటూ నవ్వింది.

"సారీ పిల్లలూ. ఎక్కడున్నాం?"

"నాలుగో లెక్క టీచర్!" అని కొడుకు చెయ్యెత్తాడు.

పడగ్గది తలుపు తెరుచుకుంది. భుజాన పాప నిద్రపోతోంది. భార్య కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"మళ్ళీ ఏమొచ్చింది?" అన్నాడతను, కోపం ఇంకా దిగక.

"మా స్కూలు వాళ్ళు ఫోన్ చేశారండీ. రేపట్నుంచి నన్ను క్లాసులు చెప్పొద్దన్నారు."

అతను కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "ఎందుకు చెప్పొద్దంట? ఎవడా మాటన్నది?"

"పాప ఏడుపు భరించలేక ఎవరో తండ్రి ఫిర్యాదు చేశాడట."