మూడో బేరం

"ఎండాకాలం బోరు ఎండిపోద్ది టీచరమ్మా. నీళ్లు కొనుక్కోవాల్సిందే," అన్నాడు ఖలీల్ మంచం మీద నుంచి.

కొత్తగా సున్నం వేసిన గోడను తడిమి చూస్తున్న దేవిక టీచర్ చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఆలోచించుకుని చెప్తానండీ," అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఇల్లు కొనడానికి వచ్చినవాళ్లలో ఆమె మూడో మనిషి. ఖలీల్‌కి నెల లోపల లివర్ మార్చాలని గుంటూరు డాక్టర్లు చెప్పారు. బరంపేటలోని ఆ రెండు గదులు తప్ప వాళ్లకు అమ్ముకోవడానికి ఇంకేమీ లేదు.

నసీమా భర్త మీద విరుచుకుపడింది. "పదకొండేళ్లలో ఒక్కరోజన్నా మన బోరు ఎండిందా? మొన్నొచ్చినాయనకేమో పునాది కుంగిందంటివి. ఏంది నీ అబద్ధాలు? చావాలనుందా నీకు?"

"నేను బతుకుతానని డాక్టరేమన్నా రాసిచ్చాడా?" ఖలీల్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "నేనూ పోయి, ఇల్లూ పోతే నువ్వు యాడుంటావే?"

నసీమా ఇన్నాళ్లూ అతనికి ఇంటి మీద మమకారం చావలేదనుకుంది.

"నువ్వు లేకపోతే ఈ గోడలతో మాట్లాడుకోనా?" అంది.

చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది. టీచర్ అప్పటికే ఆటోలో కూర్చుంది.

"టీచరమ్మా, ఆగండి! ఆయన చెప్పింది అబద్ధం. మా బోరు ఎప్పుడూ ఎండలేదు. మోటారేస్తా, మీరే వచ్చి చూడండి!"

"మరి ఆయనెందుకట్లా చెప్పాడు?"

"నేను రోడ్డున పడతానని భయమండీ ఆయనకి."

టీచర్ ఆమె మొహంలోకి కాసేపు చూసి, ఆటో దిగింది.