మూడుసార్లు ఆగింది

కన్నుమూసిన నా భార్య మార్తమ్మ పాడిన పాటలన్నీ ఉన్న కంప్యూటర్ మొరాయిస్తే, కల్లూరులో కంప్యూటర్లు బాగుచేసే ఓబుళేశు దగ్గరికి మోసుకుపోయాను.

కంప్యూటర్‌ని నడిపే లినక్స్‌ను అతను కొత్తగా ఎక్కిస్తుంటే మూడుసార్లూ ఒకేచోట ఆగింది.

"దురాత్మ!" అన్నాను.

ఓబుళేశు నవ్వాడు. "దయ్యం గియ్యం కాదు పాస్టరయ్యా. ఎక్కించాల్సిన ప్రోగ్రాముల జాబితాను కుదించి మూటగట్టినారు. ఈ పాత పెట్టెకు ఆ ముడి ఇప్పను రాల్యా."

పెట్టె మీద చెయ్యి ఉంచి, "తొలగిపో!" అని గద్దించాను. నాలుగోసారి పూర్తిగా ఎక్కింది.

"స్తోత్రం! మార్తమ్మ పాట పెట్టప్పా."

అతను తెరంతా గబగబా వెతికాడు. "పాటలు వేరే తీసిపెట్టుకున్యారనుకుంటి! ఆగినప్పుడు ఏమీ పోల్యా. ఇప్పుడే పాతదంతా తుడిచేసిందయ్యా."

బైబిల్లో, దారికి అడ్డంగా నిలిచిన దూత కత్తిని చూసి మూడుసార్లు ఆగి, యజమానిని కాపాడి, దెబ్బలు తిన్న గాడిద గురించి ఎన్ని ఆదివారాలు గర్జించాను!

నా గద్దింపుకు తొలగిపోయిందెవరు?

మార్తమ్మ నా మాట ఎన్నడూ జవదాటలేదు.