అమ్మవారు కప్పిన గుడ్డ

జీపు పుంగనూరు దాటకముందే కుక్క మూడోసారి నీరజ ఒళ్లోకి దూకింది.

పిల్లి కన్నా కాస్త పెద్దది. ఒళ్లంతా బురద పట్టిన బొచ్చు, మెడకు తాడో పీలికో తెలియని మురికి కట్టు. అప్పటికే ఒకరి చెప్పు కొరికింది, ఇంకొకరి చేతిలో అరటిపండు లాక్కుంది. జీపులో కుక్కుకుని కూర్చున్న పన్నెండు మందీ నవ్వారు.

నీరజ నవ్వలేదు.

ఒక చేత్తో మూడేళ్ల కొడుకు భరత్‌ను, ఇంకో చేత్తో మొక్కుకోడి ఉన్న గంపను పట్టుకుంది. కుక్కను కట్టేసుకోమని విసుక్కుంది.

కుక్కవాడు వెనక తలుపు దగ్గర ఒక కాలు బయటపెట్టి కూర్చున్నాడు. సన్నటి మనిషి. మాసిన గడ్డం, ఒళ్లో గోతం. కుప్పం పక్కవాడినని, సంతలు తిరిగి బతుకుతానని ఎవరో అడిగితే చెప్పాడు.

అతను కుక్కను వెనక్కి లాక్కుని భరత్ కేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"బిడ్డ బాగుండాడామ్మా?"

నీరజకు భయమేసింది. కొంగు తీసి బిడ్డ ముఖం మీద కప్పేసింది.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. పోయినేడు, తొంభై ఏడులో, ఇదే పుంగనూరు సంతలో భరత్ తప్పిపోయాడు. రెండు రోజులు నీరజ పచ్చి నీళ్లు ముట్టలేదు. మూడోరోజు తెల్లారేసరికి సంత మైదానం పక్క గంగమ్మ అరుగు మీద నిద్రపోతూ కనిపించాడు. ఒంటి మీద గీత లేదు. పెదాల పక్కన పాల చారిక. పైన ఒక పచ్చటి నేతగుడ్డ కప్పి ఉంది. ఎవరు తెచ్చారో చూసినవాళ్లు లేరు.

అమ్మవారే తెచ్చిందని, తన గుడ్డే కప్పిందని అత్త మునిరత్నమ్మ తేల్చేసింది.

ఆ గుడ్డకు మూడు వైపులే ఎర్రంచు. నాలుగో వైపు అంచు చింపేసినట్టు ఉంది. అది అమ్మవారు తన దగ్గరే ఉంచుకుందని ఊరంతా నమ్మింది. నీరజ దాన్ని ఉతకను కూడా లేదు. దేవుడి పటాల దగ్గర పెట్టి పసుపు చల్లి మొక్కింది.

ఏడాది లోపల ఇంట్లో పెంచిన పుంజును బోయకొండ గంగమ్మకు ఇచ్చుకుంటానని మొక్కు. కొన్న కోడి పనికిరాదు. మొక్కు తప్పితే ఇచ్చిన బిడ్డను తల్లి వెనక్కి తీసుకుంటుందని అత్త అననిరోజు లేదు. భరత్ తుమ్మినా నీరజకు ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు.

గడువుకు ఇదే ఆఖరి ఆదివారం. పొద్దున్నే అత్తతో మదనపల్లెలో బస్సెక్కేటప్పుడే గంప మీద ఆ గుడ్డ కప్పింది.

చౌడేపల్లె దారిలో జీపు మలుపు తిరిగింది. కుక్క అతని చేతుల్లోంచి జారి వచ్చి గుడ్డను పళ్లతో పట్టుకుంది. తోక ఊపుతూ, కుయ్యికుయ్యిమంటూ యజమాని వైపు ఈడ్చుకుపోయింది.

గంప బోర్లాపడింది. కాళ్లు కట్టిన పుంజు వెనక తలుపులోంచి రోడ్డు మీద పడింది.

వెనకే వస్తున్న లారీ దాని మీదుగా పోయింది.

జీపు ఆగింది.

తారుకు అంటుకుపోయిన ఈకలను నీరజ చూసింది. ఆమెకు అక్కడ కోడి కనిపించలేదు, బిడ్డ కనిపించాడు.

"ఎక్కినప్పట్నుంచీ వీడు నా బిడ్డనే సూస్తాండాడు," అంది. "కొట్టండప్పా."

"పిల్లల్ని ఎత్తకపోయేవాడేమో," అన్నాడు డ్రైవర్ ఆంజనేయులు.

కుక్కవాణ్ని జుట్టు పట్టి కిందికి ఈడ్చారు. మొదటి దెబ్బ నోటి మీద పడింది. ఆంజనేయులు సీటు కింద నుంచి జాకీ రాడ్ తీశాడు. మోకాలు విరిగిన చప్పుడు జీపులో ఉన్న నీరజకు వినిపించింది. చెప్పులు, రాళ్లు, దొరికినవాళ్లకు దొరికింది. మునిరత్నమ్మ కూడా దిగి పిడికెడు దుమ్ము తీసి అతని కళ్లల్లో కొట్టింది.

ఏల కొడతారని అతను ఒక్కసారి అడిగాడు. తర్వాత అడగలేదు. రక్తం ఉమ్మి, తడుముకుంటూ జీపు వైపు తల తిప్పాడు.

"బిడ్డ సూస్తాడమ్మా. ఆ పక్కకు తిప్పుకో."

నీరజ తిప్పలేదు. రాడ్ మళ్లీ లేచింది.

కుక్క యజమాని గుండెల మీద పడుకుని పళ్లు చూపించింది. భరత్ జీపులోంచి ఎప్పుడు జారిపోయాడో, వెళ్లి దాని మెడ వాటేసుకున్నాడు. నీరజ దిగి బిడ్డను లాగింది. ఆంజనేయులు కుక్కను వెనక కాళ్లు పట్టి లాగాడు. భరత్ పిడికిలి వదల్లేదు. చివరికి కుక్కే ఊడివచ్చింది. ఆంజనేయులు దాన్ని మైలురాయికేసి కొట్టాడు.

రెండోసారి కొట్టే పని పడలేదు.

కుక్కవాడు పాకుతూ దాని దగ్గరికి పోయాడు. దాని మీద చెయ్యి వేసి, అలాగే ఉండిపోయాడు. జీపు కదిలాక ఆంజనేయులు అద్దంలో చూసి, వాడు లేవలేదని చెప్పాడు.

కొండ మీద మునిరత్నమ్మ అమ్మవారి ముందు బోర్లా పడి ఏడ్చింది. కోడి పోయినా ఆ గుడ్డ పరిచి తప్పు కాయమని వేడుకోమంది. నీరజ పరిచింది.

పూజారి అక్షింతలు పెట్టబోయి, బిడ్డ చెయ్యి తెరవమన్నాడు.

భరత్ దారి పొడుగునా ఆ పిడికిలి తెరవనే లేదు. నీరజ ఒక్కొక్క వేలే విప్పింది. లోపల కుక్క మెడకు ఉన్న బురద పట్టిన పీలిక. ముడి అలాగే ఉంది. ముడిలో నాలుగు వెంట్రుకలు.

పూజారి చిలకరించిన తీర్థం దాని మీద పడింది. బురద కరిగిన చోట ఎరుపు కనిపించింది.

నీరజ ముడి విప్పి, పీలికను గుడ్డ చిరుగు పక్కన పెట్టింది. ఇన్నాళ్లూ అమ్మవారి దగ్గరుందనుకున్న నాలుగో అంచు పోగుకు పోగు సరిపోయింది.