మొలతాడుకి తాళంచెవి

తెల్లవారుతూనే సగ్రెన్ కిటికీ తెర జరిపి చూశాడు. చూసి మళ్ళీ మూసేశాడు. కొండ దిగి జనం వస్తున్నారు. పదీ ఇరవై కాదు. దుప్పట్లు కప్పుకుని, చేతికర్రలు పట్టుకుని ఊళ్ళకు ఊళ్ళే తిన్నగా తన కొట్టు మీదికి వచ్చేస్తున్నాయి.

అది తొంభై నాలుగు ఏప్రిల్, ఓట్ల రోజు. నల్లజాతి జూలూలూ తెల్లవాళ్ళూ తాతలనాడు వలసొచ్చిన మనవాళ్ళూ ఒకే వరసలో నిలబడి మొట్టమొదటిసారి ఓటేసే రోజు. ఉమ్గేని ఏటి ఒడ్డున ఈ చుట్టుపక్కల మొదటి ఓటు తనదేనని సగ్రెన్ కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పి చెప్పి విసిగించాడు. కానీ ఓట్లు వేసేది వంతెన అవతల స్కూల్లో. అటు పోవాల్సిన జనం ఇటెందుకు వస్తున్నట్టు? ఇంకెందుకు, దోచుకోవడానికే. గొడవలవుతాయని చాట్స్‌వర్త్‌లో బావమరిది చెప్పాడు. డర్బన్ నుంచి పడవలాటకు వచ్చే మోరిస్ దొర కూడా చెప్పాడు. అందుకే కదా, కరెంటు పోతుందని నిన్న పొద్దుపోయేదాకా తిరిగి పెట్టెలకొద్దీ కొవ్వొత్తులు కొనితెచ్చుకున్నది.

పెళ్ళాన్ని పిలిచాడు. సరస్ పలకలేదు. ఇంట్లో ఎక్కడా లేదు. రాత్రి తను రాగానే ఆవిడేదో చెప్పబోయింది. ఆవిడ మాట ఏనాడైనా ఒక పూట ఆలస్యంగా వినడమే అతని అలవాటు. పొద్దున చెబుదువులే అని ముసుగు తన్నాడు.

మన ధైర్యం సంగతి మరొకరు చెప్పాలా? గడియ లోపలున్నంతసేపూ మనమంతా పులులమే. సగ్రెన్ అయితే పెద్దపులి. తను పారిపోవడం లేదు, పోలీసుల్ని తీసుకురావడానికి వెళుతున్నాడు. ఆ మాట తనకు తనే రెండుసార్లు గట్టిగా చెప్పుకుని చెప్పులేసుకున్నాడు. అయితే ప్రాణం మీదికొచ్చినా తాళం వెయ్యకుండా కదిలే వంశం కాదది. కొట్టూ సరుకుల గదీ తెరిచే తాళంచెవి మొలతాడుకే ఉండాలి, పెళ్ళాం చేతికైనా ఇవ్వకూడదు అన్నది తాతనాటి కట్టుబాటు. పెరట్లో చూస్తే సరుకుల గది తలుపు దగ్గరగా వేసి ఉంది గానీ, తాళంకప్ప తెరిచి గొళ్ళానికి వేలాడుతోంది. రాత్రి కొవ్వొత్తులు సర్ది తాళం వెయ్యడం మరిచింది తనే అయినా, సరస్ మతిమరుపును తిట్టుకుంటూ కప్ప నొక్కి, లాగి చూసుకుని, ఏటి వైపు పరుగెత్తాడు.

పడవలాట వాళ్ళకు తెడ్లూ, హెల్మెట్లూ, తేలే కోట్లూ అమ్మేది సగ్రెనే. ఏ రాయికి ఎటు పక్కనుంచి పోవాలో డర్బన్ కుర్రాళ్ళకు ఊరికే పాఠాలు కూడా చెబుతాడు. తను మాత్రం జన్మలో పడవెక్కలేదు. ఇప్పుడు కొట్లోంచి లాక్కొచ్చిన కొత్త హెల్మెట్టూ కొత్త కోటూ తొడుక్కుని, ధర చీటీ చెవి పక్కన ఊగుతుంటే, మోరిస్ దొర వదిలిపోయిన పడవలో కూలబడ్డాడు. అప్పుడే వెనక ధన్‌ధన్‌మని తలుపు బాదుతున్న చప్పుడు. మొదలెట్టేశారు, పగలగొట్టేస్తున్నారు అని తెడ్డు అందుకున్నాడు.

తెడ్డు వేస్తే పడవ ముందుకు పోలేదు, గిర్రున తిరిగింది. ఆ తిరగడంలో ఒడ్డు కనిపించింది. జనం తనని చూసేశారు. కేకలు పెడుతూ ఒడ్డు వెంట పరుగెత్తుకొస్తున్నారు. అందరికంటే ముందు, నైటీ మీద స్వెటరుతో, చేతులూపుతూ సరస్. ఏటి హోరులో ఒక్క ముక్కా వినబడలేదు. పెళ్ళాన్ని పట్టుకుని ముందు తోలుకొస్తున్నారు, ఎంత ఘోరం! సగ్రెన్ గుండె చెరువైంది. ఆమె కోసం వెనక్కి తిప్పుదామని నిజంగానే అనుకున్నాడు. తిప్పడం వస్తే కదా. తను పాఠాల్లో రోజూ చెప్పే రాయికే, వెళ్ళొద్దని చెప్పే పక్కనుంచే కొట్టుకుని పడవ బోర్లా పడింది.

వెంకటేశా, నారాయణా అంటూ నీళ్ళు మింగుతున్నాడు. ఎవరో కర్రతో వీపు మీద పొడిచారు. వారం వారం కిరసనాయిలూ మొక్కజొన్న పిండీ కొనుక్కుపోయే జూలూ ముసలమ్మ. ఊరంతా ఆమెను గోగో అంటారు, వాళ్ళ మాటలో అవ్వ అని. లేచి నిలబడమంది. నిలబడ్డాడు. నీళ్ళు మోకాలి దాకా ఉన్నాయి.

సగ్రెన్ ఏడుస్తూ మొలతాడు తెంపి తాళంచెవి ఆమె ముందు పెట్టాడు.

"కొట్టంతా తీసుకోండి గోగో. నన్నూ సరస్‌నీ వదిలెయ్యండి."

గోగో తాళంచెవి అందుకుని దాన్నీ అతన్నీ మార్చి మార్చి చూసింది.

"మాకు కావలసింది ఇదే. బతుకంతా ఆగాం. ఇంక ఆగలేం."

అంతా అయిపోయిందని సగ్రెన్ కళ్ళు మూసుకున్నాడు. ఈలోగా సరస్ రొప్పుతూ వచ్చి, గోగో చేతిలోంచి తాళంచెవి లాక్కుని, ఎదురుగా నిలబడింది. అంత కోపంలోనూ అతని హెల్మెట్ చీటీ చూసి నవ్వాపుకోలేకపోయింది.

"ఓట్లకి స్కూల్లో చోటు చాలదని నిన్న మన స్టోర్‌రూం అడిగినారు. రాత్రి చెప్పబోతే విన్నావా?" అంది. "మొదటి ఓటు నీకే కావాలంటే అందరికన్నా ముందొచ్చి లైన్లో నిలబడాల. అంతేగాని, ఓట్ల పెట్టెల్తో సహా ఓటాఫీసర్లని లోపల పెట్టి తాళమేసీసి పారిపోతారా ఎవళైనా?"