చితికిన గుడ్డు

పత్తిచేల దిగువన ఉన్న చెరువులో, నీటికోడి పొదగడానికి కూర్చోగానే గుడ్డు చితికిపోయింది. నిరుడూ ఇంతే.

"నీ ఒళ్లు బరువు తల్లీ, కాస్త తిండి తగ్గించు," అంది తుమ్మచెట్టు మీది కొంగత్త.

అసలే సగం కడుపుతో ఉంటున్న నీటికోడి, తప్పు తనదేననుకుని తలొంచుకుంది.

తామరాకు మీది నత్త ఊరుకోలేదు. "నా మీద ఎవరూ కూర్చోలేదుగా! మరి నా గుల్ల ఎందుకిలా పలచబడింది?"

ముగ్గురూ చేలవైపు చూశారు. పురుగుమందు డబ్బాలు కడిగిన తెల్లటి నీళ్లు ఎప్పటిలాగే చెరువులోకి జారుతున్నాయి. ఏళ్ల తరబడి వాళ్లు తాగుతున్నది అవే.

"అత్తా, ఈ ఏడు నీ పిల్లలు కనబడలేదేం?" అని నెమ్మదిగా అడిగింది నీటికోడి.

కొంగత్త చెట్టు దిగి నీటికోడి పక్కన వాలింది.

"నావీ చితికిపోయాయే తల్లీ. బరువు తగ్గుదామని నిరుటి నుంచి నేనూ పస్తులే."