మూడో వాయిదా

"సంతకం పెట్టేయప్పా గుణశేఖరూ. పొరపాటు నాదేనని ఒక్క ముక్క రాసిస్తే చాలు. రేపట్నుంచే గ్యారేజీలో పని. డ్రైవరుగా కాదనుకో, అయినా ఇల్లు గడుస్తాది గదా."

తిరుపతిలో నెలకోసారి కూర్చునే లేబర్ కోర్టు వరండా అది. బస్సు కంపెనీ మేనేజర్ చక్రధర్ కాగితమూ పెన్నూ చాపి నిలబడ్డాడు. గుణశేఖర్ అందుకోలేదు.

"చెయ్యని తప్పుకి సంతకం పెట్టను సార్."

"చేసినావో లేదో నీకెట్ల తెలుసు? తలకు దెబ్బ తగిలి సోయి లేకుండా పడిపోతివి గదా."

అది మాత్రం నిజమే. పుత్తూరు నుంచి సత్యవేడు వెళ్ళే బస్సు. నాగలాపురం దాటాక మలుపులో కుడివైపు చెరకు లారీ ఒకటి ఆగి ఉంది. దాని వెనకనుంచి ఉన్నట్టుండి ఒక సైకిలు రోడ్డెక్కింది. బ్రేకు తొక్కి, స్టీరింగు ఎడమకు తిప్పడం వరకే అతనికి గుర్తు. తరువాత చింతచెట్టు. మళ్ళీ కళ్ళు తెరిచింది ఆస్పత్రిలోనే. సైకిలు మీదున్న మనిషి చనిపోయాడని అక్కడే తెలిసింది.

విరిగిన చెయ్యి పుత్తూరు కట్టుతో అతుక్కుంది. ఉద్యోగం అతుక్కోలేదు. హారన్ కొట్టలేదనీ, వేగంగా నడిపాడనీ కంపెనీ విచారణలో తేల్చారు. ఆ మాట చెప్పింది పక్కనున్న కండక్టరే. అతని ఉద్యోగం అతనికి ముఖ్యం మరి.

పదహారేళ్ళు బస్సు నడిపి ఒక్క కోడిని కూడా తొక్కించని మనిషి, నాలుగేళ్ళుగా పుత్తూరు మార్కెట్లో మూటలు మోస్తున్నాడు. "పెట్టేయరాదా ఆ సంతకం" అని ఒకరోజు భార్య రుక్మిణమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "పెడితే, ఒక మనిషిని నేను సంపినానని నా చేత్తో నేనే రాసిచ్చినట్టు" అన్నాడు. ఆమె మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

చక్రధర్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. గుణశేఖర్ వరండా చివరకు చూశాడు. అక్కడ ఒక్కతే కూర్చునుంది దేవకమ్మ. ఏభై ఏళ్ళుంటాయి. ఆ మలుపు దగ్గర వేయించిన శెనక్కాయలు అమ్ముకునేదట. మూడు నెలల క్రితం తనంతట తనే గుణశేఖర్ లాయరు మోహన ఆఫీసు వెతుక్కుంటూ వచ్చి, "నేను సూసినాను, చెప్తాను" అందట. మొదటి వాయిదాకు వస్తే జడ్జిగారు సెలవు. రెండోసారి కంపెనీ లాయరు గడువు అడిగాడు. ఇది మూడోది.

గుణశేఖర్ టీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"వద్దు." ఆమె తల ఎత్తలేదు.

"పొద్దున్నే బయల్దేరింటావు. బస్సు ఛార్జీలన్నా తీసుకోమ్మా."

"నీ దగ్గర నేనేమీ తీసుకోను."

గొంతు కటువుగా ఉంది. సాక్షిని కొన్నారన్న మాట రాకుండా జాగ్రత్తపడుతోంది కాబోలు అనుకున్నాడు. ఇంత నిక్కచ్చి మనిషి తన పక్షాన దొరకడం అదృష్టమే అనిపించింది.

లోపలికి పిలుపొచ్చింది. మోహన అడిగిన వాటికి దేవకమ్మ తడుముకోకుండా చెప్పింది.

"హారను రెండు తూర్లు కొట్టినాడు. మెల్లగానే వచ్చినాడు. సైకిలే జోరుగా వచ్చింది. లారీ ఎనకనుంచి అటూ ఇటూ సూడకుండా రోడ్డెక్కేసింది. తప్పిద్దామనే ఈయన బస్సును చెట్టుకేసి తిప్పినాడు."

కంపెనీ లాయరు లేచాడు.

"ఎంతిచ్చాడు నీకు?"

"టీ ఇస్తే గూడా తాగలేదు."

"ఆ రోజే పోలీసులకు ఎందుకు చెప్పలేదు?"

"ఆ పొద్దు నాకు నోరు పెగల్లేదు."

"నాలుగేళ్ళపాటు పెగల్లేదా?"

"ఈయన్ని పనిలోంచి తీసేసినారని మొన్నటిదాకా నాకు తెలీదు సామీ. తెలిసినాక కూడు సయించలేదు. కంపెనీ నుంచి ఒక్కరన్నా మా ఊరికొచ్చి అడిగుంటే అప్పుడే చెప్పుందును."

"అయితే తప్పు ఎవరిదంటావు?"

దేవకమ్మ కొంగు చివర పిడికిట్లో బిగించింది. గుణశేఖర్ ముందుకు వంగి చూశాడు. ఇక్కడిదాకా వచ్చి మాట మారుస్తుందా?

"సైకిలోడిది," అంది చివరకు.

"చచ్చినవాడు లేచొచ్చి కాదనలేడు కదా, ఎన్నైనా చెప్పొచ్చు. ఈ డ్రైవరు నీకు చుట్టమా?"

"కాదు."

"మీ ఊరివాడా?"

"కాదు. ఆ పొద్దు తరవాత మళ్ళీ ఈ కోర్టులోనే సూసినాను."

లాయరు వెళ్ళి కూర్చున్నాడు. జడ్జిగారు రాయడం ముగించి, కళ్ళజోడు తీసి ఆమె వైపు చూశారు.

"నువ్వు చెప్పిందంతా రాసుకున్నానమ్మా. ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదు. ఈ కేసులో ఎవరూ నీకేమీ కారు. పని మానుకుని మూడుసార్లు ఇంత దూరం వచ్చావు. ఎందుకు?"

దేవకమ్మ మొదటిసారిగా గుణశేఖర్ ముఖంలోకి సూటిగా చూసింది. ఆ చూపులో కోపం లేదు, దయా లేదు. మెల్లగా జడ్జిగారి వైపు తిరిగింది.

"ఆ సైకిలు మీద వచ్చింది నా కొడుకు సామీ."