కోటు తొడిగిన దిష్టిబొమ్మ

“మూసేస్తారా? మా హాలు మూసేస్తారా?”

మేస్త్రి బల్ల మీద చరిచిన చరుపుకి గ్లాసులో నీళ్లు తొణికాయి. బల్లకి అవతల కూర్చున్న డైరెక్టరమ్మ మాత్రం రెప్ప వేయలేదు.

“మూయడం లేదు, మారుస్తున్నాం,” అంది. “టైపు మిషన్లు కొనే నాథుడు లేడు. గోడౌన్‌లో గుట్టలుగా పడున్నాయి, మీరు చూడటం లేదా? ఇకనుంచి మీ హాల్లో కంప్యూటర్లకి కీబోర్డులు తయారవుతాయి. ఎవరి ఉద్యోగమూ పోదు.”

“అంటే మీటలు మావి, బుర్ర మీదీనా మేడమ్?”

గుమ్మం దగ్గరున్న ఫిట్టర్లు కిసుక్కున నవ్వి, అంతలోనే నోళ్లు మూసుకున్నారు.

“రాత్రి మీకు నిద్ర లేదు. కళ్లు చూడండి ఎలా ఉన్నాయో,” అంది ఆమె మెల్లగా. “కూర్చోండి. అరిచేదేదో ఇక్కడే అరిచేయండి.”

ఆ మెత్తదనానికే అతనికి ఒళ్లు మండింది. కుర్చీని కాలితో తన్ని బయటికొచ్చేశాడు.

మండదా మరి! ఆ కంపెనీ ఇవాళ్టిది కాదు. కుట్టు మిషన్లు బాగుచేసే రేకుల షెడ్డుగా మొదలైంది. తర్వాత టైపు మిషన్లు చేసింది. పిడి తిప్పితే కూడికలు చేసిపెట్టే లెక్కల మిషన్లు చేసింది. కోర్టుల్లో, బ్యాంకుల్లో, పోలీసు స్టేషన్లలో టకటకలాడినవన్నీ ఆ హాల్లో బిగించినవే. మేస్త్రి తండ్రి వేళ్లకు నూనె మరకలు పోకుండానే పోయాడు. ఆయన పనిచేసిన బల్ల దగ్గరే ఇతను నిలబడ్డాడు.

తర్వాత పై అంతస్తులో చల్లటి గది ఒకటి కట్టి, బీరువాలంత కంప్యూటర్లు తెచ్చి పెట్టారు. “అన్నం పెట్టకపోయినా చలిగాలి కావాలట దానికి!” అని హాలంతా పగలబడి నవ్వింది. కొన్నేళ్లకి ఆ బీరువాలు చిక్కి చిక్కి బల్ల మీదికి దిగాయి. నవ్వులు ఆగిపోయాయి.

డైరెక్టరమ్మా కిందినుంచి వచ్చిన మనిషే. లెక్కల మిషన్లు సరిచూసే గదిలో చేరింది. సాయంత్రం తరగతులకి వెళ్లి చదువుకుంది. ఆమెకి ఆ కుర్చీ దక్కిన రోజు హాల్లో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మేస్త్రే. ఇప్పుడవి తలుచుకుంటే అరచేతులు కాలుతున్నట్టుంది.

“ఇంకోసారి నువ్వే మాట్లాడి చూడు మేస్త్రీ,” అన్నాడు ముసలి ఫిట్టరు. “మేం మాట్లాడితే అది వేరు.”

“నా మాట ఆవిడ ఎప్పుడు విన్నది గనక! ఇక మాటల్లేవు. సమ్మే!”

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర గడ్డి కూరి దిష్టిబొమ్మ చేశారు. మేస్త్రి ఎక్కడినుంచి పట్టుకొచ్చాడో, ఆడవాళ్ల పాత కోటు ఒకటి చంకలో పెట్టుకొచ్చాడు. బూడిదరంగుది, మోచేతి దగ్గర అతుకు వేసింది. తొడిగేసరికి అచ్చం డైరెక్టరమ్మే నిలబడ్డట్టుంది. అడుగుదామనుకున్నవాళ్లు కూడా అతని ముఖం చూసి ఊరుకున్నారు.

ముసలి ఫిట్టరు అగ్గిపెట్టె వీపు వెనక దాచుకున్నాడు. “మేం అంటిస్తాంలే. నీ చేత్తో వద్దు బాబూ.”

“ఏం, నా చేతికేమొచ్చింది?”

లాక్కుని తనే అంటించాడు. మంట భగ్గుమంది. “డైరెక్టర్, డౌన్ డౌన్!” అని గొంతు చిరిగేలా అరిచాడు. వంత పలకాల్సిన గొంతులు సరిగ్గా పెగల్లేదు. పైన కిటికీలో ఆమె నిలబడి ఉంది. మంట ఆరేదాకా చూసి, తెర లాగేసింది.

మధ్యాహ్నం ఒక్కతే గేటు దగ్గరికి వచ్చింది. కాళ్ల కింద బూడిద ఉన్నా చూసుకోలేదు.

“హాలు అమ్మేసి అందరినీ పంపేయమన్నారు పైవాళ్లు,” అంది పనివాళ్లతో. “కొట్లాడి ఈ కీబోర్డుల పని తెచ్చాను. ఒక్కరిని తీసేసినా ముందు నేను పోతాను.”

“అబద్ధం!” అరిచాడు మేస్త్రి.

“నేనెప్పుడైనా మీతో అబద్ధం ఆడానా?” ఆమె గొంతు మొదటిసారి లేచింది. “ఏడాదిగా చెబుతున్నాను. విన్నారా? మీ పంతం కోసం ఇంతమంది నోటి దగ్గర కూడు లాగేస్తారా?”

ఆమె వెనక్కి తిరిగింది. ఆ వెనకే ఒకరు, ఇద్దరు, ఆపైన గుంపుగా లోపలికి నడిచారు. ముసలి ఫిట్టరు చివర్న పోతూ అతని భుజం తట్టబోయాడు. మేస్త్రి విదిలించేశాడు.

“పొండి! సిగ్గులేనోళ్లు!”

సాయంత్రం సైరన్ మోగింది. వెళ్లిపోయేవాళ్లు తలలు వంచుకుని అతన్ని తప్పుకుని వెళ్లారు. గేటు బోసిపోయింది. గూర్ఖా కూడా తన గదిలోకి దూరాడు. అప్పుడు లోపలినుంచి డైరెక్టరమ్మ కారు వచ్చింది. తనే నడుపుకుంటోంది.

మేస్త్రి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

“తొక్కించు! హాలుని తొక్కించావుగా, నన్నూ తొక్కించుకుంటూ పో!”

కారు అతని మోకాళ్లకి జానెడు దూరంలో ఆగింది. హారన్ మోగలేదు. ఇద్దరూ అద్దంలోంచి ఒకరినొకరు మింగేసేలా చూసుకున్నారు. ఆమె కళ్లూ ఎర్రగా వాచి ఉన్నాయి. కాసేపటికి ఆమె వంగి, తన పక్క సీటు తలుపు విసురుగా తోసింది.

“ఎక్కండి, ఇంట్లో పిల్ల ఒక్కతే ఉంది,” అంది అతని భార్య.